మధుమాల్తి ఉన్న ఇల్లు

తీగ కొట్టేసే ముందు సంపత్ ఇంట్లో అందరినీ అడిగాడు, తండ్రిని తప్ప.

సిరిసిల్లలో వాళ్ళది ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు ఉన్న ఇల్లు. షెడ్డులో మరమగ్గాలు నడుస్తుంటాయి. అక్కడ వాటిని సాంచాలంటారు. సంపత్ తండ్రి దేవదాస్ బతుకంతా ఆ సాంచాల మీదే గడిచింది. సగం సిరిసిల్లలో, సగం భీవండిలో. ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. అది పాత సంగతే. కొత్తగా వచ్చిపడింది మతిమరుపు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కోడలు వందనను ఒక్కోసారి “ఎవలమ్మా నువ్వు?” అని అడుగుతాడు. జగిత్యాలలో డాక్టరుకు చూపిస్తే, ఇది తగ్గేది కాదు, ముదరకుండా చూసుకోవడమే అన్నాడు. అలాంటి మనిషిని తీగ గురించి ఏమడుగుతామని సంపత్ అనుకున్నాడు.

కొట్టేయడానికి కారణం పాము. వర్షాకాలం మొదట్లో వందన గేటు పక్కన పాప బట్టలు ఆరేస్తుంటే తీగ గుబురులోంచి కట్లపాము జారి మోరీలోకి పోయింది. పాప అప్పుడప్పుడే పాకుతోంది. గడప దాటితే చాలు, వాకిట్లోకి పోతుంది.

“కొట్టేయ్ కొడుకా, పసిపోరి ఉన్న ఇల్లు,” అంది లచ్చవ్వ కూడా.

లచ్చవ్వ దేవదాస్ భార్య. పుట్టిల్లు కోరుట్ల. పెళ్ళయి సిరిసిల్లకు వచ్చిన నాటి నుంచి బీడీలు చుడుతూనే ఉంది. ఆ తీగను దేవదాస్ భీవండి నుంచి తెచ్చిన రోజు ఆమెకు గుర్తుంది. బస్సు దిగి వస్తూ సంచిలోంచి తడిగుడ్డ చుట్టిన కొమ్మను పసిబిడ్డలా బయటికి తీశాడు. ఊళ్ళో అందరూ దాన్ని రాధామనోహరం అనేవాళ్ళు. ఆయన మాత్రం భీవండిలో నేర్చుకున్న పేరుతోనే ‘మధుమాల్తి’ అని పిలిచేవాడు. అడవి తీగ, చెట్లనే ఎక్కి మింగుతుంది, గేటు దానికొక లెక్కా! కొన్నేళ్ళకే గేటును, గోడను కప్పేసింది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, ఆపైన ఎర్రబడే పూలు గుత్తులు గుత్తులుగా వేలాడేవి. పని నుంచి వస్తూ దేవదాస్ గల్లీ మలుపులోనే ఆగి గట్టిగా ఊపిరి పీల్చేవాడు. లచ్చవ్వకు ఆ వాసన ఎప్పుడూ సరిగ్గా తెలియలేదు. ముక్కు నిండా పొగాకు ఘాటే.

తీగ కొట్టిన రోజు లచ్చవ్వ భర్తను క్షవరానికి తీసుకుపోయింది. తిరిగి వచ్చేసరికి సంపత్, ఒక కూలి మనిషి కలిసి మొదలుదాకా నరికి, ట్రాక్టర్‌లో వేసి పంపేశారు. గోడ బోసిగా, కొత్తగా కనిపించింది. దేవదాస్ గేటు ముందు ఆగిపోయాడు.

“ఇది ఎవలిల్లు?”

“మనదే. లోపటికి నడువు,” అంది లచ్చవ్వ.

“మనదెట్లయితది? మనింటి ముంగట మధుమాల్తి ఉంటది.”

“కొట్టేసిండ్రు. పాము కనవడ్డది.”

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. “నీకు తొవ్వ మర్లవడ్డట్టుంది. ఇంకో గల్లీ అయ్యుంటది,” అన్నాడు.

సంపత్ వచ్చి, భుజం మీద చెయ్యేసి, బతిమాలి లోపలికి తీసుకుపోయాడు. దేవదాస్ కుర్చీ అంచున చుట్టంలా కూర్చున్నాడు. వందన నీళ్ళిస్తే తాగి గ్లాసు తిరిగి చేతికిచ్చాడు. “ఇగ పోయొస్తమమ్మా, చీకటయితంది,” అన్నాడు. వందన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన కనపడలేదు. లచ్చవ్వ స్నానం చేస్తోంది, వందన పాపకు తినిపిస్తోంది, సంపత్ షెడ్డులో తెగిన పోగు ముడి వేస్తున్నాడు. ఎవరికి వాళ్ళు ఇంకొకరు చూస్తున్నారనుకున్నారు. గేటు తెరిచి ఉంది. దేవదాస్ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. సంపత్‌వి, ఆకుపచ్చవి, లేవు.

మొదట అంత భయపడలేదు. గల్లీ చివర హోటల్ దగ్గర ఉంటాడనుకున్నారు. లేడు. ఆయన పని చేసిన కార్ఖానాలకు పోయారు. అక్కడికీ రాలేదు. అప్పుడు లచ్చవ్వకు గుండెల్లో బుగులు మొదలైంది. ఎవరికీ చెప్పకుండా మానేరు ఒడ్డుకు పోయింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఒడ్డున ఆకుపచ్చ చెప్పుల కోసం చూసింది. చూడటానికే భయపడింది. లేవని తెలిశాక ఇసుకలో కూర్చుండిపోయి, మళ్ళీ లేచింది.

పోలీస్ స్టేషన్‌లో ఫోటో ఇచ్చారు. సంపత్ అదే ఫోటోను ఫోన్లో తెలిసిన గ్రూపులన్నింటికీ పంపాడు. “ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద ఒక ముసలాయన నడుచుకుంట పోతుండు,” అని ఎవరో చెప్పగానే బండి తీసుకుని అటు ఉరికాడు. లచ్చవ్వ బస్టాండుకు పోయింది.

బస్టాండులో జామపండ్లు అమ్మే ఆమె ఫోటో చూసి వెంటనే గుర్తుపట్టింది. “గీయినె? కొత్తగ కటింగ్ చేయించుకున్నడు గదా. ఒక్కో బస్సు కాడికి పోయి, ‘మధుమాల్తి కాడ ఆగుతదా?’ అని అడిగిండు. గదేదో ఊరనుకున్న. పొద్దుగాలనే కోరుట్ల బస్సెక్కిండు.”

లచ్చవ్వకు అంతా అర్థమైంది. ఆయన తప్పిపోలేదు. ఇల్లు వెతుక్కుంటూ పోయాడు.

తర్వాతి కోరుట్ల బస్సు కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. వచ్చిన బస్సు ఎక్కి ఆధార్ కార్డు చూపించింది. ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్ కొడుతూ కండక్టరమ్మ అడిగింది, “ఏడ దిగుతవవ్వా?”

“ఏడ దిగుతనో నాకే ఎర్క లేదు బిడ్డా,” అంది లచ్చవ్వ. సంగతి చెప్పింది. కండక్టరమ్మ ఆమెను డ్రైవర్ వెనక నిలబెట్టింది, రోడ్డుకు రెండు పక్కలా కనపడేటట్టు.

అన్నేళ్ళు తన వాకిట్లో ఉన్నా ఏనాడూ సరిగ్గా చూడని తీగ కోసం ఇప్పుడు ప్రతి గేటునూ కళ్ళతో గాలించింది. కుడివైపు చూస్తే ఎడమవైపు ఏదో తప్పిపోతుందేమోనని భయం. వేములవాడలో ఒక లాడ్జి గోడ మీద గుత్తులు కనిపించాయి. కండక్టరమ్మ బస్సు ఆపించింది. లచ్చవ్వ దిగి ఉరికింది. గోడ కింద గాజులమ్మే మనిషి కునుకు తీస్తున్నాడు, అంతే. రుద్రంగి దగ్గర ఎర్రగా కనపడితే మళ్ళీ దిగబోయింది. దగ్గరికొస్తే అవి కాగితంపూలు.

సంపత్ ఫోన్ చేశాడు. “ఎల్లారెడ్డిపేట కాడున్నది బాపు కాదవ్వా. వేరే ముసలాయన. నాదే తప్పు. నేనే కొట్టేసిన.”

“ఇప్పుడు గవన్నెందుకురా. ఇటు రా,” అంది ఆమె.

ఫోన్ పెట్టేసిందో లేదో వందన నుంచి వచ్చింది. ఏడుస్తోంది. “అత్తమ్మా, మామయ్యను కథలాపూర్ల పట్టుకున్నరట. గ్రూపుల వీడియో వచ్చింది. పిల్లల నెత్కపోయెటోడు అనుకుంటుండ్రు. అంగి చినిగి ఉన్నది.”

“కొట్టిండ్రా?”

“ఎర్క లేదు. వీడియో గంతలనే అయిపోయింది.”

పిల్లల దొంగలని అనుమానించి తెలియని మనుషులను కొడుతున్నారని ఆ మధ్య లచ్చవ్వ కూడా విన్నది. అప్పుడు, “మంచిగనే చేసిండ్రు,” అని కూడా అన్నది. ముందు కడ్డీ పట్టుకుని, దారి పొడుగునా రాజన్న దేవునికి మొక్కుతూనే ఉంది. ఆ తర్వాత గేట్ల వైపు చూడలేదు.

కథలాపూర్ బస్టాండు దాటాక జనం గుమిగూడిన ఇల్లు రోడ్డు మీదికే కనపడింది. గేటు మీద కమానులా రాధామనోహరం. దాని కింద మెట్టు మీద దేవదాస్. చొక్కా భుజం దగ్గర చినిగి వేలాడుతోంది. పెదవి మీద కొంచెం రక్తం. ఒక చేత్తో తీగ మొదలును పట్టుకున్నాడు. నలుగురు గుంజినా ఆ చెయ్యి వదల్లేదట.

ఆ ఇంటి కోడలు లత. భర్త దుబాయిలో ఉంటాడు. పొద్దున అత్త పొలం పోయాక ఇంట్లో తనూ పాపా ఉన్నారు. ఎవరో ముసలాయన తలుపు బాది, “నా ఇంట్ల మీకేం పని? తలుపు తియ్యుండ్రి,” అని అరిస్తే భయపడి గొళ్ళెం పెట్టుకుంది, పక్కవాళ్ళకు ఫోన్ చేసింది. వాళ్ళొచ్చి గుంజి, ఒకటి రెండు దెబ్బలు కూడా వేశారు. అంతలో అత్త శంకరవ్వ పొలం నుంచి వచ్చి, “పండు ముసలోని మీద చెయ్యేస్తరారా?” అని మధ్యలో నిలబడింది. అప్పటి నుంచీ ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

లచ్చవ్వ బస్సు దిగి జనాన్ని తోసుకుంటూ పోయింది. “మా ఆయిన. మతి మంచిగ లేదు. దండం పెడుత, ఏమనకుండ్రి,” అంటూ అందరి వైపూ చేతులు జోడించింది.

దేవదాస్ ఆమెను చూసి తేరుకున్నాడు. “అచ్చినవా? ఎంతసేపాయె! మనింట్ల ఎవలో జొచ్చిండ్రు. తలుపు తీస్తలేరు.”

కొట్టినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

“మనిల్లు సిరిసిల్లల ఉంది. పోదాం పా,” అంది లచ్చవ్వ.

“గదెవలిదో. ఇది మనది.” తీగను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

నీళ్ళిచ్చింది, తాగాడు. అన్నం పెడతానంది, ఇక్కడే పెట్టమన్నాడు. కొడుకు వస్తున్నాడంటే, “రానీ, మంచిగనే ఉంటది,” అన్నాడు. పొద్దు వాలింది. పైన మొగ్గలు తెల్లగా విచ్చుకుంటున్నాయి. దేవదాస్ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు.

“వాసన సూడు. ఇది మనది కాకుంటే ఇంకెవలిది?”

లచ్చవ్వ కూడా గట్టిగా పీల్చింది. పొగాకు తప్ప ఏమీ తెలియలేదు. చీకటి పడేలోగా తీసుకుపోకపోతే ఈ మెట్టు మీదే కూర్చుంటాడు. రేపూ కూర్చుంటాడు. ఏం చెప్తే లేస్తాడు? ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

“రాత్‌పాళి టైమయింది. సేటు మనిషిని పంపిండు.”

భీవండిలో రాత్రి షిఫ్టును రాత్‌పాళి అనేవాళ్ళు. దేవదాస్ చెయ్యి అప్పటికప్పుడే తీగను వదిలేసింది. లేచి నిలబడి, అరచేతులు దులుపుకుని, చినిగిన చొక్కాను సర్దుకున్నాడు.

“ముందుగాల చెప్పద్దా? ఎవలిని నిలవెట్టిండో సాంచె మీద,” అంటూ గబగబా రోడ్డు వైపు నడిచాడు. ఇంటి వైపు తిరిగి కూడా చూడలేదు.

అప్పుడు ఏడ్చింది లచ్చవ్వ. పొద్దటి నుంచి పట్టుకున్నదంతా అప్పుడు తెగింది. దెబ్బలు తిని కూడా వదలని ఇంటిని ఆయన ఒక్క పని మాటకు వదిలేశాడు.

లత తలుపు తీసి బయటికి వచ్చింది. చేతిలో భర్త చొక్కా ఉంది. “నేనే ఫోన్ చేసిన పెద్దమ్మా. బుగులయింది. గింత చేస్తరనుకోలే.”

“నీ తావుల నేనున్నా గదే చేస్తుంటి బిడ్డా,” అని లచ్చవ్వ ఆ చొక్కా తీసుకుంది.

“ఓ కొమ్మ కోసిస్త, నాటుకోరాదు?” అని శంకరవ్వ అడిగింది.

“అది గేటెక్కేదాకా ఆయిన ఆగడవ్వా,” అంది లచ్చవ్వ.

సంపత్ స్నేహితుడి కారులో వచ్చాడు. తండ్రి పెదవి చూసి తల దించుకున్నాడు. దారిలో దేవదాస్ ఆలస్యమవుతోందని రెండుసార్లు గొణిగాడు. సిరిసిల్ల చేరాక మళ్ళీ అదే గేటు ముందుకు తీసుకుపోవడానికి లచ్చవ్వ ఒప్పుకోలేదు. వెనక గల్లీలోంచి షెడ్డు తలుపు గుండా తీసుకుపోయారు. సాంచాలు నడుస్తున్నాయి. దేవదాస్ నేరుగా ఒక సాంచె దగ్గరికి పోయి బట్ట అంచు వేళ్ళతో తడిమి చూశాడు. బాగానే ఉన్నట్టుంది. పక్కనున్న నులకమంచం మీద కూర్చున్నాడు. వందన తెచ్చిన అన్నం అక్కడే తిన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఉండేది అక్కడే. ముందు గదుల్లోకి రమ్మంటే పరాయివాళ్ళ ఇంటికి పిలిచినట్టు సిగ్గుపడతాడు. షెడ్డులో మాత్రం నిబ్బరంగా ఉంటాడు. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే లేచి కూర్చుని తలుపు వైపు చూస్తాడు. అలాంటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పరుగెత్తుకు రావాలి. సంపత్ నర్సరీ నుంచి రాధామనోహరం మొక్క తెచ్చి గేటు దగ్గర నాటాడు. అది ఇంకా మోకాలెత్తు కూడా లేదు. పాము భయానికి వందన రోజూ దాని చుట్టూ ఊడుస్తుంది.

లచ్చవ్వ ఇప్పుడు షెడ్డు తలుపుకు అడ్డంగా కూర్చుని బీడీలు చుడుతుంది. చేట ఒళ్ళో ఉంటుంది, కన్ను మాత్రం ఆయన మీద. సాయంత్రమయితే ఆయన ఆమెను పిలుస్తాడు. ఆమెను గుర్తుపట్టే రోజులు తగ్గిపోయాయి. కార్ఖానాకు అన్నం తెచ్చే ఆడమనిషి అనుకుంటాడు.

“ఇంటికెప్పుడు వంపుతరమ్మా మమ్ముల?” అన్నాడు మొన్న.

“పాళి మారంగనే.”

“ఇంటి కాడ లచ్చవ్వ ఒక్కతే ఉంటది. ఆమెకు బుగులెక్కువ.”

లచ్చవ్వ చేతిలోని తునికాకును చేటలో పెట్టింది. “నేను జూసే అచ్చిన,” అంది. “మంచిగనే ఉన్నది. నువ్వు రంది వెట్టుకోకు.”

ఆయన తలూపి మంచం మీద వాలాడు. ఆమె లేచి, తలుపు గొళ్ళెం వేసి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని వచ్చి కూర్చుంది.