సున్నాలన్నిటికీ నంబర్లు వేసిన రోజు

మండు వేసవిలో, వాన మొహం చూసి నెలలైన నేల మీద, ఒక పెద్దమనిషి కారును బురదలో కూరుకుపోయేలా చెయ్యడం అందరి వల్లా అయ్యే పని కాదు. నేను చేశాను. అదీ కారు దరిదాపుల్లో లేకుండా, చేతిలో ఒక చిన్న పెట్టె పట్టుకుని. నవ్వుకోవడానికి మీకు పూర్తి అనుమతి ఉంది. ఆ రోజు మాత్రం ఎవ్వరూ నవ్వలేదు.

రెండు వేల దశకం మొదటి రోజులవి. బేతంచెర్ల దాటాక ఒక సిమెంటు ఫ్యాక్టరీ కొత్తగా లేస్తోంది. అందులో నేను ట్రైనీ ఇంజనీరును. నంద్యాలలో మాకు స్టీలు సామాన్ల కొట్టుంది గానీ, నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే చీమల పుట్ట మీద కూర్చోబెట్టినట్టే. వీడికి తిరిగే ఉద్యోగమే సరి అని నాన్న నన్ను చదివించి వదిలేశాడు.

ఫ్యాక్టరీలో ఎక్కడ చూసినా కొలిచే పరికరాలే. తొట్టిలో నీటి మట్టం, గొట్టంలో ఒత్తిడి, పొయ్యిలో వేడి. ఇవి తెలివైన పరికరాలు. కొలతను తీగ మీద కరెంటుగా కంట్రోల్ రూముకు పంపుతూనే, అదే తీగ మీద మనతో మాట్లాడతాయి కూడా. వాటిని మాట్లాడించే పెట్టె పేరు కమ్యూనికేటర్. కోతికి కొబ్బరికాయ దొరికితే ఊరికే ఉంటుందా? నాకు కమ్యూనికేటర్ దొరికింది.

మా పై ఆఫీసరు శివారెడ్డి సారుది కడప. ఆ రోజు హైదరాబాదు నుంచి కంపెనీ పెద్దాయన వస్తున్నాడని, ఆయనను తీసుకురావడానికి కర్నూలుకు బయలుదేరుతూ నాకు ఒక పని అప్పగించాడు. ప్రతి పరికరంలోనూ పేరు సరిగ్గా ఉందో లేదో చూడాలి, అంతే. కారెక్కాక అద్దం దించి మరీ, "సూడు, అంతే. యాడా యేలు పెట్టగాకు" అన్నాడు. నా వేళ్ల సంగతి ఆయనకు తెలుసు.

మొదటి పరికరం తెరిచాను. పేరు బాగానే ఉంది. కింద చిరునామా అని ఒక గడి, అందులో సున్నా. రెండోదీ సున్నా. మూడోదీ సున్నా. వీధిలో ఇళ్లన్నిటికీ ఒకే నంబరుంటే పోస్టుమాను గతేం కాను? బిగించినవాళ్లు ఇంత ముఖ్యమైన పని మరిచిపోయారు, భగవంతుడు నన్ను సమయానికి పంపాడు. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకుంటూ మెట్లెక్కాను, దిగాను, పరుగెత్తాను. పదిహేను దాటాక పెట్టె ఒప్పుకోలేదు. దాని తెలివి అంతేలే అని జాలిపడి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

అంతలో వాకీటాకీలో కంట్రోల్ రూము ఆపరేటరు ఖాజా భాయ్ పిలిచాడు.

"గుట్ట మీద తొట్టిలో నీళ్లు లేవంటాండాది మీ మీటరు. పొద్దున సగానికి పైనే ఉండె గదప్పా."

అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. గొంతులో గాంభీర్యం పోసుకుని, మీటరు అబద్ధం చెప్పదు భాయ్, పంపు నడిపించు అన్నాను. అతను నడిపించాడు. పాత క్వారీ గుంతలోని నీళ్లు తొట్టిలోకి ఎక్కడం మొదలుపెట్టాయి.

కాసేపటికి మళ్లీ పిలిచాడు. ఇంకా సున్నాయేనట. అంతేకాదు, పొయ్యిలో వేడి సున్నా, గొట్టాల్లో ఒత్తిడి సున్నా. ఆడలేనమ్మకు మద్దెల ఓడైనట్టు, నాకు కేబులు ఓడైంది. ఎక్కడో తీగ తెగి ఉంటుందని తీగలు పరిచిన ట్రేల వెంబడి, ఎండలో, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ ఉరికాను. ఒక్క చోట నిలబడి ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ నిలబడడం నా జాతకంలో లేదు.

తొట్టి నిండింది. పొర్లింది. నీళ్లు గుట్ట దిగి, కొత్తగా పోసిన మట్టిరోడ్డును నానబెట్టి, కింద పొలాల వైపు సాగిపోయాయి. సరిగ్గా అప్పుడే పెద్దాయన కారు ఆ మలుపు తిరిగింది.

నేను చేరుకునేసరికి కారు ఎనుములా బురదలో పడుకుని ఉంది. పెద్దాయన చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. శివారెడ్డి సారు మోకాళ్ల దాకా బురదతో, ఎంతో నెమ్మదిగా నన్ను పిలిచాడు. ఆ నెమ్మది చూసే నాకు చెమటలు పట్టాయి. నా ఉద్యోగం ఖాయమయ్యే కాగితం మీద సంతకం పెట్టవలసింది ఆ గట్టు మీది మనిషే.

"పొద్దున్నుంచి ఏమేం ముట్టినావప్పా?"

"ఏమీ లేదు సార్. ఊరికే నంబర్లు వేశాను."

"యాడేసినావు?"

"సున్నా ఉన్నచోటల్లా సార్."

సారు కళ్లు మూసుకున్నాడు. తెరిచాక విషయం చెప్పాడు. తీగకు ఒకటే పరికరం ఉన్నప్పుడు దాని చిరునామా సున్నాగానే ఉండాలి. వేరే నంబరు ఇస్తే, ఈ తీగ మీద తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారనుకుని అది కరెంటును అడుగు మట్టంలో బిగబట్టుకుంటుంది, ఇక కదలదు. కంట్రోల్ రూముకు అది సున్నాలా కనబడుతుంది. ఇన్ని పరికరాల నోళ్లూ నేనొక్కడినే, చేతులారా, వరుస నంబర్లతో నొక్కేశానన్నమాట.

పంపు ఆపించి, ఇద్దరం మళ్లీ అన్ని మెట్లూ ఎక్కి సున్నాలు వేశాం. కారును రాళ్ల లారీ లాగింది. పెద్దాయన నన్ను పై నుంచి కిందికి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. నేను పెట్టె సర్దుకుని, నంద్యాల బస్సు ఎన్నింటికో కూడా కనుక్కున్నాను.

మరుసటి వారం గేటు దగ్గర కింది ఊరి రైతులు వచ్చారని కబురొచ్చింది. పొలాలు పాడు చేసినందుకు కొట్లాటకే వచ్చారనుకుని సారు వెనక నక్కి నక్కి వెళ్లాను. తలపాగా చుట్టిన పెద్ద రైతు మర్యాదగా నమస్కారం పెట్టాడు.

"నంబర్లేసే పిల్లోడు ఈడనే ఉండాడా సారూ? ఆయప్ప నంబర్లేస్తే వచ్చిన నీళ్లకు మా కుంట సగమే నిండినాది. మిగిలిన నంబర్లు ఎప్పుడేస్తాడో అడిగిపోదామని వచ్చినాం."

శివారెడ్డి సారు గేటు పట్టుకుని నవ్వాడు. ఆ కథ హైదరాబాదు దాకా పోయి, పెద్దాయనా నవ్వాడట. నా కాగితం మీద సంతకం పడింది.

నేను మాత్రం ఆ గేటు ముందే, నెత్తిన మండే సూర్యుడి సాక్షిగా, మనసులో ప్రతిజ్ఞ చేశాను: సున్నాతో సుఖంగా బతుకుతున్న ఏ ప్రాణికీ ఇక ఈ జన్మలో నా అంతట నేను నంబరు వెయ్యను.