ఒక మెట్టు దించిన బేసు

మా కాక పోయాడని నాకు ఆయన కూతురు మరాఠీలో చెప్పింది. బొంబాయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర నేను పనిచేసే జిరాక్స్ దుకాణంలో ఎవరిదో రేషన్ కార్డు కాపీ తీస్తున్నాను, ఫోన్ మోగింది. "తాయీ, బాబా గేలే" అంది. అక్కా, నాన్న పోయాడు అని. పొద్దున చాయ్ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడట. మళ్ళీ లేవలేదట. నేను ఆ కాపీ తీసి, ఆ మనిషి చేతికిచ్చి, అప్పుడు కూర్చున్నాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఏడు నెలలుగా ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరికి చెప్పాలో తెలియలేదు.

కాక అంటే నాకు సొంత చిన్నాన్నేమీ కాదు. కామాటిపురలో మేముండే చాళ్‌లో, అంటే వరస గదుల పాత భవనంలో, పక్క గది ఆయనది. మా తాతలూ వాళ్ళ తాతలూ పాలమూరు నుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చినవాళ్ళు, ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని చుట్టాలైపోయారు. ఆయన బేస్ గిటారు వాయించేవాడు. నేను పాడతాను. గణపతి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో పాత సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా మాది. పంతొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నతో పోట్లాడి నన్ను స్టేజీ ఎక్కించింది ఆయనే. ఇప్పుడు నాకు యాభై నాలుగు.

బేస్ గిటారు మీరు చూసే ఉంటారు. నాలుగు లావు తీగలు, పొడుగాటి మెడ. స్టేజీ మీద దాన్ని వాయించే మనిషి ఓ పక్కగా, వెలుతురు సరిగ్గా పడని చోట నిలబడి ఉంటాడు. కాక దగ్గర అలాంటివి ఏడు ఉండేవి. పదడుగుల గదిలో ఏడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, కట్టి విడిచిన పాత చీరల్లో చుట్టి, అటకలాంటి మాళా మీద పిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పెట్టుకునేవాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ రెండు చేతుల మనిషికి ఏడెందుకని అడిగేవాళ్ళు. "కాళ్ళు సాపుకునే జాగ నాకు లేదు, వాటికున్నది" అని చిన్నమ్మ దెప్పేది. ఆయన నవ్వి, "నీ వంటకాడ గంటెలెన్నున్నయే? పప్పుకొకటి, అన్నానికొకటి. ఇవీ గంతే" అనేవాడు.

నిజంగా అంతే. ఎర్రది కొత్త పాటలకు. దాని తీగలు తరచూ మార్చేవాడు. గోధుమరంగు దానికి తీగలు మార్చగా నేనెన్నడూ చూడలేదు. "కొత్త తీగ గలగలమంటది, పాత పాటకు గలగల పనికిరాదు" అనేవాడు. చిన్న మెడది భుజం నొప్పి ఉన్న రోజులకు. మరో మూడు మాత్రం ఆయన కొన్నవి కావు. కీబోర్డు వచ్చి, ఎడమ చేత్తోనే బేసు వాయించేయడం మొదలయ్యాక మా లైన్లో బేసు వాళ్ళకు పని పోయింది. ఒకాయన టాక్సీ నడిపాడు, ఒకాయన నాగ్‌పాడాలో వాచ్‌మన్ అయ్యాడు. అలా మానేసేవాళ్ళు తమ గిటారు తెచ్చి కాక గుమ్మంలో పెట్టేవాళ్ళు. అమ్ముకోవడానికి వాళ్ళకు మనసొప్పేది కాదు, కాదనడానికి ఈయనకు నోరొచ్చేది కాదు.

అలా వచ్చిన గిటారును ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, రంగు ఎక్కడ అరిగిందో చూసేవాడు. "ఈడ సూడు బిడ్డా, బొటనేలు ఎప్పటికి ఈడనే పెట్టిండు. నెమ్మది మనిషి" అనేవాడు ఒకదాన్ని చూపించి. ఇంకోదాని మీద గోరు గీతలు చూసి, "ఈయనకు తొందరెక్కువ, ఇంట్ల ఏదో లొల్లి ఉండే" అనేవాడు. వాటిని వాయించినప్పుడు తన అలవాటు పక్కన పెట్టి, పాత మనిషి వేలు ఆనించిన చోటే తనూ వేలు ఆనించేవాడు. వేరేచోట పెడితే అది పలకదని ఆయన నమ్మకం. అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

మధ్యాహ్నాలు కరెంటు పెట్టకుండా సాధన చేసేవాడు. కరెంటు లేకపోతే బేసుకు గొంతే ఉండదు కదా, అందుకని గిటారు పైన కొమ్ములా పొడుచుకొచ్చిన అంచుకు దవడ ఆనించి, ఎముకతో వినేవాడు. చూసేవాళ్ళకు పంటి నొప్పితో బాధపడుతున్నాడనిపించేది. వానాకాలం మెడలు వంగుతాయని ఒక్కోదాన్నీ ఎత్తి, ఒక కన్ను మూసి, పొడుగునా చూసేవాడు. మేస్త్రీ పని చేసిన వాళ్ళ నాన్న గోడ వాటం అలాగే చూసేవాడట. స్టేజీ మీద ఒక్కసారి కూడా తన వేళ్ళు చూసుకోలేదు. పాడేవాళ్ళ గొంతు కేసి చూస్తూ వాయించేవాడు. "బేసు వినవడితే తప్పు జేసినట్టు. వినవడకపోయినా తప్పే" అని ఒకసారి నాతో అన్నాడు. అదేం పనయ్యా మరి, అని నేను ఎగతాళి చేశాను.

ఏడోది నల్లది. దాని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పోయిన గణపతి పండక్కి మా గల్లీలోనే ప్రోగ్రాం. నేను ఎప్పుడూ పాడే పాట ఒకటుంది. చరణంలో గొంతు బాగా పైకి వెళ్ళాలి. ముప్పై ఏళ్ళుగా దాన్ని సినిమాలో ఉన్న శ్రుతిలోనే పాడుతున్నానని నాకు పొగరు. ఆ సాయంత్రం కాక ఎర్రది పక్కన పెట్టి నల్లది తగిలించుకున్నాడు. నేను పట్టించుకోలేదు. పాట మొదలైంది. చరణంలో పై స్వరం ఎంత సులువుగా వచ్చిందంటే, వచ్చిన క్షణంలోనే నాకు అర్థమైపోయింది. పాట మొత్తం ఒక మెట్టు కిందికి దించేశారు. నల్ల గిటారు తీగలు ముందే దించి ఉంచాడు. కీబోర్డు వాయించే కుర్రాడు, నేను తమ్ముడని పిలిచేవాడు, శ్రుతి దించే మీట నొక్కాడు. మిగతావాళ్ళూ సర్దుకున్నారు. అందరికీ ముందే తెలుసు, నాకు తప్ప. జనం ఎన్నడూ లేనంతగా చప్పట్లు కొట్టారు. దాంతో నాకు ఇంకా మండింది.

స్టేజీ వెనక ఆయన్ని నిలదీశాను. "పట్టీ ఎందుకు దించినవ్ కాకా?" పట్టీ అంటే మా వాళ్ళ భాషలో శ్రుతే.

"ఆ జాగల నీ గొంతు మూడేండ్ల సంది గీసుకుంటున్నది బిడ్డా. నువ్వే చెప్తవేమో అని సూసిన" అన్నాడు.

"అందరికి చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు పాడనంటవ్."

అది నిజం. నిజమని తెలిసే నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ వింటుండగా అనేశాను. "గొంతు నాది, నీది ఉత్త బేసు. బేసు ఇనేటోళ్ళెవరు కాకా? నువ్వున్నా లేకున్నా ఎవరికన్న ఎరుకైతదా?"

ఆయన వైరు పీకి, మోచేతికి చుట్టుకుంటూ, "ఎరుకగాదు బిడ్డా" అని ఒప్పుకున్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మాట్లాడటం మానేశాను. కుళాయి దగ్గరికి వెళ్ళాలంటే ఆయన గుమ్మం దాటాలి. గుమ్మంలో కూర్చుని ఉంటే కాళ్ళు ముడుచుకుని నాకు దారిచ్చేవాడు. నేను బిందె చంకనెత్తుకుని అటు తిరిగి వెళ్ళిపోయేదాన్ని. దాని తర్వాత కూడా మేం కలిసి నాలుగు ప్రోగ్రాములు చేశాం. నాలుగింటిలోనూ ఆ పాటకు నల్లదే తీశాడు. నేను వద్దనలేదు. ఆ మెట్టు మీద హాయిగా పాడుకున్నాను, చప్పట్లు తీసుకున్నాను, ఆయనకు మొహం చూపించకుండా దిగి వెళ్ళాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది. అన్న మాట తప్పని ఆ వారంలోనే నాకు తెలుసు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. పక్క గదేగా, ఎక్కడికి పోతాడని.

కాక పోయిన మూడో రోజున చిన్నమ్మ దగ్గర కూర్చుని, "కాక నా గురించి ఏమన్న అన్నడా?" అని అడిగాను. నా మీద ఆయనకు కోపం లేదని చిన్నమ్మ అందని మీకు చెప్పాలని నాకూ ఉంది. చిన్నమ్మ మాత్రం, "ఏమనలే. ఆయన ఎవరిని ఏమంటడు" అంది. అంతే.

కూతురు ఏడింటినీ మాళా మీంచి దించి, చీరలు విప్పి పరుపు మీద పెట్టి, ఏది దేనికోసమో చెప్పమని అడిగింది. నాలుగింటికి చెప్పగలిగాను. మిగతా మూడూ ఎవరెవరివో, వాళ్ళలో ఎవరు బతికున్నారో నాకు తెలియదు. ఆ పేర్లు నేనెప్పుడూ అడగలేదు. ఆ పిల్ల అరిగిన చోట్లను వేలితో రుద్దుతూ, తుడిస్తే పోతుందా అంది. తుడవకు తల్లీ అన్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆర్కెస్ట్రా వాళ్ళం గదుల ముందు గ్యాలరీలో కూర్చున్నాం. "ఒక్క పాట పాడు బిడ్డా" అంది చిన్నమ్మ. ఏ పాటో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. తమ్ముడు కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. నన్ను అడగాలంటే భయం వాడికి. అయినా అడిగాడు. "అక్కా, పట్టీ?"

"దించు" అన్నాను. "ఒక మెట్టు దించు." నా నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. అందరూ విన్నారు, వినాల్సిన మనిషి తప్ప.

వాడు పల్లవి ముందు వచ్చే సంగీతం వాయించాడు. కుడి చేత్తో పాట, ఎడమ చేత్తో బేసు. అన్ని స్వరాలూ సరిగ్గానే ఉన్నాయి. గ్యాలరీ పొడుగునా జనం చాయ్ తాగుతూ వింటున్నారు. కాక లేని తేడా వాళ్ళకెవరికీ తెలియలేదు. నేను అన్నట్టే. నేను లేచి నిలబడి, ఊపిరి పీల్చి నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పాట ఎక్కడ అందుకోవాలో లెక్క చూసుకునేది నేనేనని ముప్పై అయిదేళ్ళుగా అనుకున్నాను. పల్లవికి ముందు ఆయన నా గొంతు చూసి, నేను ఊపిరి తీసుకోగానే ఓ కింది స్వరం మోపేవాడు. దాని మీద కాలు పెట్టి నేను పాటలోకి వెళ్ళేదాన్నని నా శరీరానికి తెలుసు, నాకే తెలియదు. పాట నన్ను దాటి పోయింది. తమ్ముడు తలెత్తి చూసి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. అప్పుడూ దాటి పోయింది. మూడోసారి వాడు ఇంకా నెమ్మదిగా, నన్ను చేయి పట్టి నడిపిస్తున్నట్టు వాయించుకుంటూ వచ్చాడు. నేను నోరు తెరుచుకుని, గ్యాలరీ కమ్మీ పట్టుకుని, నా ఊపిరి చూసి ఎవరైనా ఆ కింది స్వరం మోపుతారేమోనని అలాగే నిలబడ్డాను.