ఒట్టు వేయని సాక్షి

1959లో నేను వికారాబాదు మున్సిఫ్ కోర్టులో బెంచ్ క్లర్కుని. జడ్జిగారి బల్లకు దిగువన కూర్చుని కేసులు పిలవడం, దాఖలైన కాగితాలకు నంబర్లు వేయడం, బోనెక్కిన ప్రతి సాక్షి చేతా ప్రమాణం చేయించడం నా పని. "దేవుని ఎదుట ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతాను" అని నేను అనేవాణ్ణి, సాక్షులు నా వెనకే అనేవారు. రోజుకు పది పదిహేనుసార్లు. అలవాటైపోయి, అందులోని మాటలు నా చెవికే వినిపించడం మానేశాయి.

ఆ ఏడాది ఎండాకాలంలో తాండూరు దగ్గరి ఒక ఊరి నుంచి మల్లమ్మ అనే కురుమ ఆవిడ దావా వేసింది. భర్త పోయాడు. గొర్రెల మందే ఆధారం. మందను వాగుకు తోలుకెళ్లే బాటకు ఆ ఊరి పటేలు అడ్డంగా ముళ్లకంచె వేయించాడు. అక్కడ బాటన్నది ఎన్నడూ లేదని, అదంతా తన పొలమేనని ఆయన వాదన. చుట్టూ తిరిగి వెళ్లాలంటే నాలుగు మైళ్లు. ఈనిన గొర్రెలు దారిలోనే పడిపోతున్నాయి. కేసు ఓడితే మంద మొత్తం అమ్ముకోవాల్సిందే.

పటేలు తరఫున ఐదుగురు వచ్చి, దేవుని పేరు చెప్పి, బాట లేదన్నారు. మల్లమ్మ కోసం ఊళ్లో ఒక్కరూ కదల్లేదు. చివరికి పొరుగూరి నుంచి ఒక్కడు వచ్చాడు. పేరు బాలయ్య, తాండూరు బండల గనిలో రాయి కొట్టే మనిషి. ఇరవై రెండేళ్ల కిందట మల్లమ్మ మామ పిలిస్తే ఆ బాటలో బండలు పరిచింది అతనే.

బాలయ్య బోనెక్కాడు. నేను ప్రమాణం మొదలుపెట్టాను. అతను అడ్డంగా తల ఊపాడు.

"చెప్పవయ్యా."

"దేవుని మాట నేననను సార్. మిగిలిన మాటలన్నీ అంట."

హాల్లో గుసగుసలు లేచాయి. పటేలు వకీలు చటుక్కున లేచాడు. "దేవుడంటే భయం లేనోనికి అబద్ధమంటే ఏం భయం? ఈ సాక్షిని దించెయ్యండి!"

బాలయ్య జడ్జిగారి వైపు తిరిగాడు. "లేడనుకునేటోని మీద ఒట్టేస్తే, మీ కోర్టుల నా మొదటి మాటే అబద్ధమైతది సార్. గందుకే వద్దంటున్న."

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. శనివారం తప్పకుండా అనంతగిరి కొండెక్కి స్వామిని చూసి వచ్చేవాణ్ణి. జడ్జిగారు వయసులో చిన్నవారు, ఆ కుర్చీకి కొత్త. నా వైపు వంగి, "దీనికేమైనా దారి ఉందా?" అని అడిగారు.

ఉంది. నాకు తెలుసు. ఒట్టు వేయడానికి అభ్యంతరం ఉన్నవాడు అఫర్మేషన్ ఇవ్వవచ్చు. అంటే దేవుణ్ణి సాక్షిగా పెట్టకుండా, తన మాట మీద తానే నిలబడి నిజం చెబుతాననడం. ఆ రూలు ఉన్న చట్టం పుస్తకం నా వెనక బీరువాలోనే ఉంది. తెలియదంటే అడిగేవాళ్లు లేరు. మల్లమ్మ వరండా గడపలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. లేచి బీరువా తెరిచాను. పేజీ తీసి జడ్జిగారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదువుకుని తల ఊపారు.

"నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, అంతా నిజమే చెబుతాను" అన్నాను. ఈసారి బాలయ్య గొంతు హాలంతా వినిపించింది.

తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి వకీలు సాక్షిని తిప్పి తిప్పి ప్రశ్నించడం. వకీలు బాట సంగతి వదిలి దేవుడి మీదే పడ్డాడు.

"నీలాంటోడు లోకంల ఇంకొకడున్నడా?"

"నేనూ ఒక్కన్నే అనుకున్న సార్. గనికి పోయినంక తెలిసింది. మాతోని రాయి కొట్టే ఇస్మాయిల్ బొంబాయి గోదీల, ఓడలాగే రేవుల, పని చేసొచ్చిండు. దేవుని ఊసే లేని దేశాలున్నయట, ఓడలల్ల అసోంటోల్లు మస్తుమంది వస్తరట. దేవుడు ఉన్నడో లేడో తెల్వదంటడు ఇస్మాయిల్. మా గనిల నీల్లు మోసే ముసలమ్మ కొడుకు సచ్చినంక దీపం పెట్టుడు బంద్ చేసింది. ఆమెది కోపం. నాది కోపం గాదు. యాడ దేవులాడినా నాకు కనవడలే, గంతే. అందరిదీ ఒక్క తీరు గాదు సార్."

"మంచిది. మరి ఆ బాట ఉన్నదనేదానికి నీ ఒట్టు లేని మాట తప్ప ఇంకేముంది?"

"బండలున్నయ్. దున్ని మన్ను కప్పిన్రు గని తియ్యలే. వాగు మలుపు కాడ తవ్వున్రి. బండ అడుగున నా ఉలి గుర్తు ఉంటది. మూడు గీతలు, నడుమది పొట్టిది."

వకీలు కూర్చున్నాడు. అడగకూడని ప్రశ్న అడిగానని అప్పుడు తెలిసింది ఆయనకు.

జడ్జిగారు లోకల్ ఇన్‌స్పెక్షన్‌కు, అంటే తానే స్వయంగా వెళ్లి స్థలం చూడడానికి, ఆదేశం ఇచ్చారు. నాలుగో రోజు పొద్దున్నే తాండూరు రైలెక్కి, అక్కడి నుంచి బండి మీద ఆ ఊరికి చేరాం. ఇద్దరు కూలీలు మలుపు దగ్గర తవ్వారు. మోకాటి లోతు వెళ్లినా మట్టే. పటేలు మీసం దువ్వుకున్నాడు. బాలయ్య ముఖంలో మాత్రం మార్పు లేదు. "జర ఎడమకు" అన్నాడు. రెండో పోటుకే గడ్డపార ఖంగుమంది.

బండను పెకలించి తిరగేశారు. మట్టి దులిపి నేనే వేలితో తడిమాను. మూడు గీతలు. నడుమది పొట్టిది. దాని వెనక వరసగా ఇంకో బండ, ఇంకోటి, వాగు దాకా.

నెల తిరగకుండా తీర్పు వచ్చింది. కంచె తీసేయించారు. ఆ తీర్పు నకలు తీసుకోవడానికి మల్లమ్మ, బాలయ్య ఇద్దరూ కలిసే వచ్చారు. మల్లమ్మ ఆ కాగితాన్ని కొంగున ముడేసుకుని బాలయ్య వైపు తిరిగింది. "దేవుని లెక్క వచ్చినవ్ అన్నా" అంది.

బాలయ్య పకపక నవ్వాడు. "గంత మాట అనకు చెల్లె, నా ఇజ్జత్ పోతది!" వరండా అంతా నవ్వింది, పటేలు వకీలుతో సహా.

ఆ కేసు తర్వాత నా కళ్లకు చాలామంది కనిపించసాగారు. మా వరండాలో స్టాంపులు అమ్మే జైనుడు రోజూ మందిరానికి వెళ్లేవాడు. ఒకనాడు మాటల్లో, "మా ధర్మంలో లోకాన్ని పుట్టించినవాడంటూ ఎవడూ లేడు సాబ్" అన్నాడు. పరిగి నుంచి సాక్ష్యానికి వచ్చిన ఒక స్కూలు మాస్టరు సైన్సు చదివాక దేవుణ్ణి నమ్మడం మానేశానన్నాడు. వాళ్లంతా ఎప్పుడూ ఉన్నవాళ్లే. నేను అడగలేదు గనక వాళ్లు చెప్పలేదు.

రిటైరయ్యేదాకా ప్రతి సాక్షినీ ముందుగా, "ఒట్టా, అఫర్మేషనా?" అని అడిగాను. దేవుడంటే భయం లేనివాడికి ఏ భయమూ ఉండదని ఆ కేసు దాకా అనుకున్నాను. బాలయ్యకు ఒక భయం ఉంది. తన నోటి నుంచి తాను నమ్మని మాట వస్తుందేమోనన్న భయం. ఐదు ఒట్లు కప్పిపెట్టిన బాటను ఆ భయమే బయటికి తీసింది.