మిషన్‌కు లేని అమావాస్య

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో నాది గ్రైండర్ పని. ముందు నేను మిషన్‌తో రాయిని కోసి, ఒంపులు తీసి ఇస్తే, తర్వాత ఉలి పట్టేవాళ్లు కన్నూ ముక్కూ తీరుస్తారు. పొద్దున మొదలైన మోత ఇంటికి పోయినా చెవుల్లోంచి పోదు.

ఈ పనిలో నెలకు ఒక్కటే సెలవు, అమావాస్య. ఆ రోజు ఉలి ముట్టకూడదని పెద్దల నాటి కట్టుబాటు. మాది చర్చికి పోయే కుటుంబం. అయినా ఆదివారాలు కూడా పనే కాబట్టి నాకు విశ్రాంతి దినం అమావాస్యే అయింది. ఆ రోజు బస్సెక్కి నంద్యాల పోయి లైబ్రరీలో కూర్చుంటాను. అమావాస్య శుక్రవారం పడితే లైబ్రరీకీ సెలవే. ఆ నెలంతా ముఖం మాడ్చుకుని తిరుగుతాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పాత గుళ్ల గురించి, భూమి పొరల గురించి, మనిషి నరాల గురించి ఆ బల్లల దగ్గరే చదివాను. మేం కోసే నల్లరాయి ఒకప్పుడు భూమి లోపల కరిగి ఉండేదని షెడ్డులో మొదట చెప్పింది నేనే. ఎవరూ నమ్మలేదు. నాకు ఇప్పటికీ గర్వమే.

మొన్న ఎండాకాలం మా యజమాని ఒక గుడికి వరసగా విగ్రహాలు ఒప్పుకున్నాడు. గడువు దగ్గరపడింది. ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, "అమావాస్య ఉలికే గదప్పా. మిషన్‌కు లేదు. గ్రైండర్ వాళ్లు పనికి రండి" అన్నాడు.

"పట్టుకునే చేతికి ఉంటుంది గదన్నా," అన్నాను.

"నీకెందుకప్పా అమావాస్య? మీది ఆదివారం గదా!"

"ఆదివారం నువ్విస్తే గదన్నా."

అందరూ నవ్వారు. నేను వదలకుండా చదివింది చెప్పాను. అదిరే మిషన్ పట్టుకుంటే వేళ్ల నరాలు మొద్దుబారతాయని, వాటికి మధ్యమధ్య ఊరట కావాలని. ఆయన చివరిదాకా విని, "శానా చదివినావు. ఆ పుస్తకం రాసినాయప్పను పిల్చుకొని రా, గడువు సంగతి ఆయప్పకే చెప్తా" అన్నాడు. ఈసారి నవ్వు నా మీదికి తిరిగింది.

రెండు అమావాస్యలు అలాగే పోయాయి. నా చొక్కా గుండీలు నా భార్య పెట్టసాగింది. ఏ రోజు ఏ వారమో అడిగితే గానీ తెలిసేది కాదు. చదవాలన్న కోరిక కూడా తగ్గింది. నాకు ఎక్కువ భయం వేసింది దానికే.

మూడో అమావాస్య ముందు రోజు అమ్మవారి చేతిలో చిలుకకు రూపం తీస్తున్నాను. చేతిలో మిషన్ ఉందో లేదో వేళ్లకు తెలియలేదు. చిలుక ముక్కు ఎగిరిపోయింది. విరిగి భిన్నమైన విగ్రహాన్ని గుళ్లో పెట్టరు, అతికించినా పెట్టరు. అంతా మళ్లీ మొదటి నుంచి.

అన్ని మిషన్లూ ఆగాయి. తిడతాడని తల వంచుకున్నాను. యజమాని విగ్రహాన్ని ఒకసారి చూసి, అక్కడే రాతిదుమ్ములో కూలబడ్డాడు. నీళ్లు తాగబోతే చెంబు వేళ్లలోంచి జారి చొక్కా తడిసింది. ఇన్నాళ్లూ ఆయన కూడా మాతోపాటు మిషన్ పట్టినవాడే.

"రేపు ఎవరూ రావద్దండి," అన్నాడు.

"మిషన్‌కు అమావాస్య లేదంటివే?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"మిషన్‌కు లేదప్పా. నాకుంది. పండుకుంటా."

మరునాడు బస్సులో నిద్రపోయాను. నంద్యాలలో కండక్టర్ తట్టి లేపితే దిగాను. లైబ్రరీలో ఒక లావు పుస్తకం తీసుకుని తెరిచాను గానీ, పేజీ వేళ్లకు దొరకలేదు. రెండు మూడు సార్లు తిప్పబోయి చూసి, అరచేతులు పుస్తకం మీద పరిచి ఊరికే కూర్చున్నాను. పక్కాయన పేపరు మడిచే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

చాలాసేపటికి లైబ్రేరియన్ మేడం వచ్చి, "ఏం, ఈరోజు చదవడం లేదా?" అన్నారు.

"చదువుతా మేడం. చేతులు కొంచెం నెమ్మదించనీ."

ఆమె నా బల్ల మీద ఎండ పడకుండా కిటికీ రెక్క దగ్గరగా వేసి వెళ్లారు.