‘ఏటీ నేదు’ అన్న మాట

చుట్ట వాసన మనిషి కంటే ముందే వస్తుంది. నిన్న నరసన్నపేటలో నోటి పరీక్షల శిబిరం పెట్టినప్పుడు, వరుసలో నిలుచున్న ఒక స్త్రీ చీర కొంగు నుంచి ఆ వాసన రాగానే డాక్టర్ వరలక్ష్మి గారు గుర్తుకు వచ్చారు. శృంగవరపుకోట మనిషి. నాకు పని నేర్పిన పెద్ద డాక్టరు. ఇప్పుడు లేరు.

మా తీరంలో చాలామంది ఆడవాళ్ళు చుట్టను అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని. ఏళ్ళ తరబడి అంగిలి కాలుతూనే ఉంటుంది. నేను మేడమ్ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో చేపలమ్మే పైడమ్మ అలాంటి అంగిలితోనే మా దగ్గరకు వచ్చింది. నీలి కాంతి వేసి చూస్తే ఆరోగ్యమైన పొర లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆమె అంగిలి మీద ఒకచోట మాత్రం నల్లగా ఉండిపోయింది. కేన్సరేనా అని నేను పక్కకు వచ్చి అడిగితే మేడమ్ తన ఊరి యాసలోకి దిగారు: “ఏటి, ఆ దీపానికి అప్పుడే డిగ్రీ ఇచ్చేసినావా? అది సోటు సూపిస్తాది. రోగం పేరు సెప్పదు.” కాలి వాచిన చోటు కూడా ఆ వెలుగులో నల్లగానే కనిపించవచ్చు. అందుకే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ముక్కలో కేన్సర్ లేదు. కణాలు కొద్దిగా మారాయి, అంతే. జన్యు పరీక్ష మాత్రం వేరే సంగతి చెప్పింది. కణాల పెరుగుదలను అదుపులో ఉంచే జన్యువులున్న భాగాలు కొన్ని ఆ మచ్చ కణాల్లో పోయాయి. అంటే కేన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. మేడమ్ ఒక్క మాట ఎక్కువ తక్కువ కాకుండా, “ఇప్పటికి కేన్సర్ కనబడలేదు పైడమ్మా. కానీ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ మచ్చ తీసేద్దాం. చుట్ట మానెయ్యాలి” అన్నారు.

“అదే గదా డాట్రమ్మా, ఏటీ నేదనే గదా!” పైడమ్మ నవ్వింది. “నొప్పి నేదు, మంట నేదు. సుట్ట మానీమంటే మాత్రం... నా మొగుణ్ణయినా వదిలీగల్ను గానీ!”

మేమూ నవ్వాం.

మచ్చ తీయించుకోవడానికి ఆమె రాలేదు. కబుర్లు పంపి పంపి, చివరకు మేడమే ఆమె ఇంటికి వెళ్ళారు. “ఏటీ నేదని నువ్వే సెప్పినావు గదా తల్లీ” అంటూ పైడమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టి పంపింది. మళ్ళీ ఆసుపత్రికి వచ్చేసరికి అంగిలి పుండయింది, మెడలో గడ్డలు కట్టాయి. ఆమె పోయిన రోజు వరండాలో మేడమ్, “నేను చెప్పిందంతా నిజమే. ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళింది మాత్రం అది కాదు” అన్నారు.

మచ్చ తీయించుకుని ఉంటే బతికేదని నేను రాయలేను. దానికి నా దగ్గర రుజువు లేదు. మేడమ్ దగ్గరా లేదు. ఆ తెలియకపోవడమే ఆవిడను లోలోపల తినేసింది. అప్పటినుంచి ఎవరికి ఏం చెప్పినా చివర “నేనేం చెప్పానో ఒకసారి నువ్వు చెప్పు” అనేవారు.

నిన్నటి ఆ స్త్రీ నోట్లో నీలి కాంతికి నలుపేమీ కనిపించలేదు. ఇప్పటికి కనబడలేదని, చుట్ట మానాలని, మళ్ళీ వచ్చి చూపించుకోవాలని చెప్పాను. నేనేం చెప్పానో చెప్పమన్నాను.

“ఏటీ నేదన్నావు” అంది సంబరంగా, కొంగు దులుపుకుని లేస్తూ.

చేయి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాను.