నురగ వెంట ప్రెసిడెంటుగారు

వీధి కాలువలో సబ్బు నురగ కనిపిస్తే ప్రెసిడెంటుగారు ఆగలేరు. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, ఆ నురగ ఏ ఇంటిదో తేలేదాకా కాలువ వెంబడి నడుస్తారు. కార్లు కడిగే షెడ్ల యజమానుల సంఘానికి ఆయన ప్రెసిడెంటు. ఇళ్ల ముందు బండ్లు కడగకూడదన్న కొత్త రూలు కోసం చెప్పులరిగేలా తిరిగింది ఆయనే.

ఒకసారి నురగ ఆయన్ని టీచరమ్మ గుమ్మానికి చేర్చింది.

"కారేదమ్మా?"

"కారెక్కడిదండీ! కుక్కకి స్నానం చేయిస్తున్నా."

ఆయన కుక్కను ఎగాదిగా చూసి, "కుక్క రూల్లో లేదు" అని గంభీరంగా ఒప్పుకున్నారు.

"ఇదంతా గిరాకీ కోసమేగా?" అని జనం ముఖం మీదే అడిగేవారు.

"అవును, గిరాకీ పెరుగుతుంది. ఈ కాలువ కలిసే చెరువులో చేపలూ బతుకుతాయి. ఒకటి నిజమైతే రెండోది అబద్ధమవ్వాలా?"

ఈ మాట వింటే పక్కవీధి దర్జీగారికి ఒళ్లు మండేది. భార్య పోయాక ఆవిడ స్కూటరును ఎవరూ నడపలేదు. ఆదివారం పొద్దున్నే దాన్ని ఇంటి ముందు కడుగుతూ వారం కబుర్లన్నీ ఆవిడకు చెప్పుకోవడమే ఆయనకు మిగిలిన సంసారం. రూలు దాన్నీ లాగేసుకుంది. ఆ మొదటి ఆదివారం ఆయన కావాలనే సబ్బు ఎక్కువ వేశారు.

ప్రెసిడెంటుగారు రానే వచ్చారు. కబుర్లు సగం వినేశారు కూడా.

"తెలిసే చేస్తున్నారా?"

"తెలిసే. మీ షెడ్డుకి తెమ్మంటారు, అంతేగా? మా ఆవిడ బండి మీద ఇంకో చెయ్యి పడనివ్వను."

ప్రెసిడెంటుగారు స్కూటరు దగ్గరికి వచ్చారు. "చెయ్యి మీదే. చోటు మాత్రం నాది. పదండి" అంటూ హ్యాండిల్ పట్టుకోబోయి, చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నారు. "మీరే నడిపించండి."

షెడ్డు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన మెయిన్ స్విచ్ కట్టేసి, "మెషిన్ చెడిపోయింది!" అని కేకేశారు. హోరు ఆగిపోయింది. దర్జీగారికి స్టూలు, బకెట్ నీళ్లు, మెత్తటి గుడ్డ వచ్చాయి.

"ఇక్కడి నీళ్లు శుభ్రమయ్యాకే బయటికి పోతాయి. ఎంత నురగైనా చేసుకోండి. ఇప్పుడు చప్పుడు కూడా లేదు" అని చెప్పి, ఆయన అటు తిరిగి నిలబడ్డారు. దర్జీగారు గుడ్డ తడిపి ముందు సీటు తుడిచారు. తర్వాత మెల్లగా కబుర్లు మొదలయ్యాయి.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ మెషిన్ చెడిపోతూనే ఉంది.

"సంఘం ప్రెసిడెంటు మెషినే ఇలా మొరాయిస్తే మీ పరువేం కానండీ?" అని ఒకాయన కారులోంచి అరిచాడు.

"పోతే పోయింది లెండి. ఆవిడ బండి అద్దం ఇంకా తుడవాలి. కాస్త ఓపిక పట్టండి."

అది విని దర్జీగారు అద్దాన్ని మరింత నిదానంగా తుడిచారు.