పెద్దమ్మ, మూడు సెంట్ల ఎర్ర స్టాంపు

పెద్దమ్మ పోయింది. ఆ మాట పాస్టరమ్మగారు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను హాస్పిటల్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ మీదికి వంగి ఉన్నాను. "ప్రభువు పిలుచుకున్నారమ్మా. నిద్రలోనే. ఏ బాధా పడలేదు," అన్నారావిడ. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏ బాధా పడలేదట! ఆఖరి రెండేళ్లూ ఆ మనిషి పడ్డ యాతన ఈ ఇర్వింగ్ ఊళ్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. కోస్తాలో మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి, అదే పని మీద టెక్సాస్ వచ్చింది. పెదనాన్న ఇక్కడికొచ్చిన కొత్తల్లోనే పోయారు. పిల్లలు లేరు. నన్ను స్పాన్సర్ చేసి రప్పించి, ల్యాబ్ కోర్సు చదివించింది ఆవిడే. నేత చీర మీద మగవాళ్ల స్వెట్టరు వేసుకుని, హైవే మీద కుడిపక్క లేన్‌లో నత్తలా డ్రైవ్ చేసేది. వెనకవాడు హారన్ కొడితే "స్తోత్రం" అనేది. అది దీవెనో తిట్టో నాకు చివరిదాకా తెలియలేదు.

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఒక శనివారం, వీధి చివర గరాజ్ సేల్‌లో మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బా ఒకటి కొంది, జంతికలు పోసుకోవచ్చని. లోపల పాత ఉత్తరాలున్నాయి. నూరేళ్లు దాటినవి. చాలావాటికి కవరు కూడా లేదు, రాసిన కాగితాన్నే మడిచి పైన అడ్రస్ రాశారు. ఒక్కోదాని మూలన మూడు సెంట్ల ఎర్ర స్టాంపు. పెద్దమ్మ ఏం చేసి ఉంటుందో మన మిషన్ హాస్టళ్లలో చదివిన ఆడపిల్లలెవరైనా ఇట్టే చెప్పగలరు. దొరసానిగారికి అమెరికా నుంచి వచ్చే కవర్ల కోసం పిల్లలు జుట్లు పట్టుకునేవారట. దొరికిన కవరుని నీళ్లలో నానబెట్టి, స్టాంపు ఊడదీసి, ఆరాక బైబిల్లో నొక్కి, అన్నం మెతుకుతో అంటించుకోవడం. ఆవిడకి తెలిసిన విద్య అదే. డబ్బాలోవన్నీ ఇడ్లీపిండి బేసిన్‌లో నానబోసింది. స్టాంపులు బైబిల్లోకి వెళ్లాయి, ఉత్తరాలు చెత్తబుట్టలోకి.

అవి పట్టుకుని, నన్ను వెంటేసుకుని, లైబ్రరీ హాల్లో కూడే స్టాంపుల క్లబ్బుకి వెళ్లింది. అక్కడి పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరయిన తెల్లాయన, అన్నీ చూసి "ఉత్తరాలేవి?" అని అడిగాడు. ఈవిడ గర్వంగా "ఐ క్లీన్డ్ దెమ్" అంది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. తరవాత తన ఆల్బంలోంచి ఒక ఉత్తరం తీసి చూపించాడు. గుండ్రటి తపాలా ముద్ర సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడి ఉంది. ఈ స్టాంపు ఈ ఉత్తరం మీదే ప్రయాణం చేసిందనడానికి ఆ ముద్రే సాక్ష్యం అన్నాడు. విడదీస్తే స్టాంపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, ఉత్తరం ఎలా వెళ్లిందో తెలియదు.

ఇంటి దగ్గర కారు దిగేటప్పుడు పెద్దమ్మ, "ఎన్ని కాపురాలు కూల్చానే!" అంది. ఆ రోజునుంచి ఆవిడ ఇంట్లో పదకొండో ఆజ్ఞ ఒకటి వెలిసింది: ఉత్తరం మీది స్టాంపుని నీళ్లు తాకరాదు.

అసలు పని కూడా ఆ పెద్దాయనే నేర్పాడు. ఆ ఎర్ర స్టాంపుల్ని అచ్చువేసిన ఉక్కు పలక మీద అంచు గీతలు సరిగ్గా పడకపోతే, చెక్కేవాడు ఒక్కోదాని చుట్టూ చేత్తో మళ్లీ గీశాడట. చేత్తో చుట్టిన జంతికలు ఏ రెండూ ఒక్కలా ఉండవు కదా, ఇవీ అంతే. అందుకని గీతలు చూసి, ఇది షీటులో ఏ వరసలో ఎన్నో స్టాంపో చెప్పేయొచ్చు. పెద్దమ్మ ఒక అట్ట మీద నూరు గళ్లు గీసి, రెండొందల స్టాంపుల షీటులో సగాన్ని తిరిగి కూర్చడం మొదలుపెట్టింది. ఊడదీసిన పాతవాటిని వాటి గళ్లలో అంటించింది. ఉత్తరం మీద దొరికినవాటిని అలాగే భద్రపరిచి, గడిలో ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టేది. తన కళ్లతో చూడనిదానికి టిక్కు లేదు.

రంగు చూసి ఏ కాలానిదో చెప్పేది. ఇంగ్లీషు పేర్లు గుర్తుండవని సొంత పేర్లు పెట్టుకుంది. మొదటి ఏడాదివి మామిడి తాండ్ర, తరవాతివి పాత ఇటుక, ఆ తరవాతివి ఎండుమిరప. అదంతా పగలు, కిటికీ దగ్గరే. "ట్యూబ్‌లైట్ అబద్ధాలాడుద్దే. ఎండనడుగు," అనేది. పట్టకారుతో ఉత్తరం అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి వంగేది. నా కప్పులో కాఫీ చల్లారిపోయేది, అయినా కదిలేదాన్ని కాదు. మనిషి అంత సంతోషంగా ఉండడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఏళ్లు పట్టింది. ఒక్క గడి మిగిలింది. అప్పుడే షుగర్ కళ్లకి పట్టింది.

లేజర్ పెట్టారు, మళ్లీ పెట్టారు. చూపు మధ్యలో నల్లమచ్చ కూర్చుంది. ఆ ఆఖరి స్టాంపు దొరికేలోగా వెలుగు పోతుందని ఆవిడకి భయం పట్టుకుంది. మామూలు భయం కాదు. అన్నం మానేసి దొరికిన ఉత్తరమల్లా తెప్పించుకునేది. నా కళ్లు అరువు తీసుకునేది, అరిచేది. "నీ కళ్లు బంగారమే, నీకు చూట్టం రాదే! కుడిపక్క గీత ఒకటా, రెండా?" ఒకటే అంటే భూతద్దం విసిరేసేది. మరుక్షణం నేల మీద తడుముకుంటూ దానికోసం వెతికేది. నేను తీసి ఇస్తే నా చెయ్యి వదిలేది కాదు.

ప్రార్థన కూటంలో అందరూ ఉద్యోగాల కోసం, గ్రీన్‌కార్డుల కోసం ప్రార్థన చేయమంటుంటే, ఈవిడ లేచి "నా కళ్ల కోసం" అంది. "వాక్యం చదువుకోవడానికి కదా, సిస్టర్?" అన్నారెవరో ప్రేమగా. "అవునండీ," అంది. కారెక్కాక గుండెల మీద కొట్టుకుంది. "దేవుడి ముందు అబద్ధమాడానే. బైబిలైతే నువ్వు చదివి పెడతావు. ఇది నువ్వు చూసిపెడితే చాలదే నాకు!" హైవే పక్కన కారాపి నేనూ ఏడ్చాను.

పోయిన ఎండాకాలం క్లబ్బు పెద్దాయన ఒక ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. నీలం కాగితం, తాండ్ర రంగు స్టాంపు, సగం సగం పడ్డ ముద్ర. కుడివైపు రెండు గీతలు. నేను చూశాను, ఆయనా చూశాడు. అదే.

"టిక్కు పెట్టేయనా పెద్దమ్మా?"

"నేను చూడలేదుగా."

ఆ నీలం కాగితం మీద ఆవిడకి ఎర్రటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. కిటికీ దగ్గరికి, బాల్కనీలోకి, పార్కింగ్‌లో నడిఎండలోకి పట్టుకెళ్లింది. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బల్ల మీద స్టీలు పళ్లెంలో నీళ్లున్నాయి. పక్కన ఉత్తరం తడిగా, మూల బోసిగా. పెద్దమ్మ పట్టకారుతో స్టాంపుని కిటికీ అద్దానికి ఆనించి, వెనకనుంచి ఎండ పడేలా పట్టుకుని ఉంది.

"రెండు గీతలే! కనపడ్డాయే! పెన్సిలియ్యి!"

ఇచ్చాను. అట్ట మీద వేళ్లతో గళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి టిక్కు పెట్టింది. అది పక్క గడిలో పడింది. ఎప్పుడో నిండిన గడిలో.

"పడిందా?" అంది.

"పడింది పెద్దమ్మా."

చాలాసేపటికి ఉత్తరం అడిగింది. బోసి మూలని బొటనవేలితో తడిమింది. "ముద్ర సగం దీనిమీదే ఉండిపోయిందా?" ఉందన్నాను. "తెలీక చేసినప్పుడు దేవుడు క్షమించాడు. ఇప్పుడు తెలిసే చేశానే," అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ చేతిలో ఎంతమంది పోయినా చలించని మనిషని ఆస్పత్రిలో చెప్పుకునేవారు. నేను పట్టుకుంటే నా భుజం మీద కాగితమంత తేలిగ్గా ఉంది. "నేను పోయాక దాన్ని మళ్లీ దాని చోట పెట్టు. ముద్ర కలవాలి, చూసుకో," అంది.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు, ఆవిడ కుర్చీలో, ఆవిడ కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఉత్తరం పరిచి, ఆవిడ పట్టకారుతో స్టాంపుని దాని చోట ఉంచాను. సర్దాను, మళ్లీ సర్దాను. పైన కలిస్తే కింద కలవడం లేదు, కింద కలిపితే పైన తప్పుతోంది. నీళ్లలో నానిన కాగితం ఆరి కొద్దిగా ముడుచుకుంది. నాకు చూట్టం వచ్చు పెద్దమ్మా, నువ్వే నేర్పావు. గుండ్రటి ముద్రలో సగానికీ సగానికీ మధ్య వెంట్రుకవాసి ఎడం ఉంది, అందులోంచి నీలం కాగితం కనిపిస్తోంది.